ఇంటి కాపలాకి రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా? తక్కువ ఖర్చుతో ప్రాక్టీస్ ఎట్లా?

గట్టుమీద గోపి:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం, సముద్రం వైపు. ఏడెకరాల్లో వనామీ రొయ్యలు వేస్తాను. ఇల్లు కూడా చెరువుల పక్కనే కట్టుకున్నాం, ఊరికి కిలోమీటరున్నర. ఇంట్లో అమ్మ, నా భార్య, ఎనిమిది చదివే కూతురు, ఆరేళ్ళ కొడుకు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజులు, దగ్గర పడిందంటే నేను రాత్రంతా గట్టు మీదే.

పోయినేడు రొట్టెల పండగకి అందరం నెల్లూరు పోయి రాత్రి పదకొండుకి తిరిగొస్తే మూడు ఏరేటర్ మోటార్లు లేవు. జనరేటర్ కేబుల్ కోసుకుపోయారు. అదంతా డబ్బు నష్టం, ఏదో సర్దుకున్నాం. కానీ పోయిన నెల జరిగింది వేరు. రాత్రి రెండింటప్పుడు నేను చివరి చెరువు దగ్గరున్నా. ఇంటి వెనక తలుపు గొళ్ళెం ఎవరో కదిలించారు. అమ్మ లేచి "ఎవరయ్యా అది?" అని కేకేస్తే బయట నుంచి ఒకడు నింపాదిగా "నీళ్ళు కావాలమ్మా" అన్నాడంట. రాత్రి రెండు గంటలకి, ఊరి బయట ఇంట్లో, వెనక తలుపు దగ్గర నీళ్ళు! నా భార్య ఫోన్ చేసింది. నేను గట్టు మీద జారుకుంటా పరిగెత్తి వచ్చేసరికి ఎవరూ లేరు. వెనక బురదలో రెండు జతల చెప్పుల గుర్తులు. అప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు, నాకు టెన్షన్.

మా బావమరిది లైసెన్స్ తీసుకుని ఒక పిస్టల్ కొనుక్కో అంటున్నాడు. అమెరికాలో ఉండే మా పిన్ని కొడుకుని అడిగితే 9 ఎంఎం పిస్టల్ కొను, ఇంకేదీ వద్దు అన్నాడు. నాకు తుపాకీ అనుభవం తిరనాళ్ళలో బెలూన్లు కొట్టడం వరకే. పది గుళ్ళకి రెండు బెలూన్లు.

అడిగేది ఏందంటే, రివాల్వర్ కొనాలా, పిస్టల్ కొనాలా? లక్షన్నర, మహా అయితే రెండు లక్షలు పెట్టగలను. పోయిన పంటకి తెల్లమచ్చ రోగం వచ్చింది, అంతకు మించి లేదు. కొన్నాక ప్రాక్టీస్ చవకలో ఎట్లా? మా చెరువుల అవతల ఇసుకదిబ్బ, దాని తర్వాత సముద్రమే. అటు వైపు కాల్చుకుంటే సరిపోతుందా?


కంభం హవల్దార్:

గోపీ తమ్ముడూ, చివరి ప్రశ్నకి ముందు జవాబు. సముద్రం వైపు కాల్చడం అనేది మర్చిపో. తెల్లారుజామున అక్కడ వలలు వేసేవాళ్ళు ఉంటారని నాకన్నా నీకే బాగా తెలుసు. తూటా ఏటవాలుగా నీళ్ళకి తగిలితే మునగదు, చిన్నప్పుడు మనం చెరువులో విసిరిన పెంకులాగే ఎగిరి పోతుంది. ఎటు పోతుందో కాల్చినవాడికి కూడా తెలియదు. ఆత్మరక్షణకి లైసెన్స్ ఇస్తే నీ పొలంలో గురి నేర్చుకోమని ఇచ్చినట్టు కాదు.

నేను ఆర్మీలో 17 ఏళ్ళు చేశాను. మాది పాత ప్రకాశం జిల్లా, కంభం చెరువు కింద ఊరు. బయటికొచ్చాక చీమకుర్తి వైపు జీతాల డబ్బు తీసుకెళ్ళే పనిలో చేరాను, ఆ లెక్కన 2011లో .32 బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత, ఇది అంగుళాల్లో) రివాల్వర్ లైసెన్స్ దొరికింది. ఇప్పుడు ఆ పని లేదు, రివాల్వర్ ఉంది. కాబట్టి నేను చెప్పేది షాపువాడి మాట కాదు.

మీ పిన్ని కొడుకు చెప్పిన 9 ఎంఎం ఇక్కడ నిషిద్ధ బోరు. .38, .45 కూడా అంతే. అవి కలెక్టర్ చేతిలో లేవు, కేంద్ర హోం శాఖ ఇవ్వాలి, రొయ్యల రైతుకి ఇవ్వదు. మనలాంటి వాళ్ళకి చేతి తుపాకీ అంటే .32, లేదా .22. అక్కడితో సగం గొడవ తీరిపోయింది.

.32లో మళ్ళీ రెండు రకాల తూటాలు. పిస్టల్‌ది పొట్టిది, రివాల్వర్‌ది పొడుగుది. రెంటి మీదా 32 అనే ఉంటుంది, కానీ ఒకదాని తూటా ఇంకొకదానికి కాదు. ఒకాయన రివాల్వర్ కొని పిస్టల్ తూటాలు తెచ్చుకుని నా దగ్గరికి వచ్చాడు, పెద్ద చదువు చదివినాయనే.

రివాల్వర్‌లో తూటాలు తిరిగే చక్రంలో ఉంటాయి, పిస్టల్‌లో పిడి లోపల పెట్టే మ్యాగజైన్ అనే డబ్బాలో. రివాల్వర్ కొంటే మేలు అని నా అభిప్రాయం. ఒక తూటా పేలకపోతే ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే తర్వాతది వస్తుంది. పిస్టల్‌లో అదే జరిగితే స్లైడ్, అంటే గొట్టం మీది కదిలే భాగం, వెనక్కి లాగి, పేలనిదాన్ని బయటికి నెట్టి, మళ్ళీ గురి చూడాలి. చీకట్లో, చేతులు వణుకుతుంటే, నెలకోసారి కూడా ముట్టుకోని మనిషికి అది చేతకాదు. పైగా రివాల్వర్‌లో తూటాలు ఉన్నదీ లేనిదీ తెరిస్తే కంటికి కనపడుతుంది. పిస్టల్‌లో మ్యాగజైన్ తీసేశాం కదా అనుకుంటే గొట్టంలో ఒకటి మిగిలి ఉంటుంది. ప్రాణాలు పోయేది అక్కడే.

మన సర్కారు ఆయుధాల ఫ్యాక్టరీ పాత రకం రివాల్వర్ మధ్యకి విరిచి తెరిచేది, ఆరు తూటాలు. 2014లో కాన్పూర్ నుంచి నిర్భీక్ అని అరకిలో బరువుది వచ్చింది, ఆడవాళ్ళ కోసం అని ప్రచారం చేశారు, అప్పుడే లక్షా 20 వేలు దాటింది. 2023 ఆగస్టులో ప్రబల్ అని ఇంకోటి వచ్చింది, చక్రం పక్కకి తెరుచుకుంటుంది, 700 గ్రాములు. తేలికదే మంచిది అని మాత్రం అనుకోవద్దు. బరువు తగ్గేకొద్దీ చేతిలో ఎగురుతుంది. డీలర్ దగ్గరికి పోతే బొమ్మ చూసి కాదు, ఖాళీది చేతిలోకి తీసుకుని చూపుడు వేలితో ట్రిగ్గర్ మొత్తం లాగి చూడు. లాగేటప్పుడు ముందు గుర్తు (గురి చూడ్డానికి గొట్టం కొసన ఉండేది) పక్కకి పోతే ఆ పిడి నీ చేతికి సరిపోలేదు.

ఇక నువ్వు అడగని మాట. ఆ రాత్రి నువ్వెక్కడున్నావు? చివరి చెరువు దగ్గర. ఇంట్లో ఎవరున్నారు? మీ అమ్మ, నీ భార్య, పిల్లలు. లైసెన్స్ నీ పేరు మీద ఉంటే ఆయుధం నీ చేతిలో ఉండాలి, లేదా తాళంలో ఉండాలి. నువ్వు నడుముకి పెట్టుకుని గట్టు మీద తిరుగుతుంటే ఇంటికి కాపలా లేదు. బీరువాలో పెట్టి తాళం నీ దగ్గర ఉంచుకుంటే అప్పుడూ లేదు. తాళం భార్యకి ఇచ్చావనుకో, లైసెన్స్ లేని మనిషి చేతికి ఆయుధం ఇచ్చినవాడివి అవుతావు, ఆరేళ్ళ పిల్లాడున్న ఇంట్లో. రెండు లక్షలు పెట్టి కొన్న వస్తువు, దేనికోసం కొన్నావో ఆ గంటలో పనికిరాదు. మోడల్ ఏదైనా ఇది మారదు.

ఎలక్షన్లు వస్తే అదీ ఉండదు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది. స్టేషన్లో అప్పగించమన్నారు, అప్పగించాను. ఫలితాలు జూన్ 4న. ఆ తర్వాత గానీ చేతికి రాలేదు. దాదాపు మూడు నెలలు మా ఇంటికి కాపలా మా కుక్కే.


గట్టుమీద గోపి:

అన్నా, ఇది నాకు తట్టనే లేదు. మరి మా ఆవిడ పేరు మీదే లైసెన్స్ తీసుకుంటే? ప్రాక్టీస్ సంగతి కూడా చెప్పు, నీకు ఏడాదికి ఎంతవుతుంది?


కంభం హవల్దార్:

తీసుకోవచ్చు. 21 ఏళ్ళు నిండిన ఎవరైనా అడగొచ్చు. దరఖాస్తుకి ఏ-1 ఫారం, డాక్టర్ సర్టిఫికెట్, 2016 ఆయుధాల రూల్స్ వచ్చాక ఆయుధం వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కూడా. పోలీసు రిపోర్టు 30 రోజుల్లో రావాలని రూల్లో ఉంది. రూల్లో ఉంది అని మాత్రమే అంటున్నా. నీకు ప్రాణభయం ఉందని కాగితం మీద కనపడాలి, అందుకని ఆ రాత్రి సంగతి స్టేషన్లో రాసిచ్చావా? లేకపోతే ముందు ఆ పని చెయ్. లైసెన్స్ కోసం కాకపోయినా చెయ్. వచ్చిన లైసెన్స్ ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ నుంచి అయిదేళ్ళు ఉంటుంది, అంతకుముందు మూడే.

కానీ ముందు ఆమెని అడిగావా? కాల్చగలను అని ఆమె నోటితో అనాలి.

ప్రాక్టీస్. నేను చివరిసారి కొన్నప్పుడు ఒక్కో తూటా వంద దాటింది. యాభై కాలిస్తే అయిదు వేలు పైమాట, కాల్పుల సాధనకి రేంజి ఉన్న ఊరికి బస్సు, బస, ఫీజు వేరే. ఏడాదికి రెండుసార్లు పోతున్నాను. నిజం చెప్పాలంటే పోయినేడు ఒక్కసారే. చవకైనది ఒకటే ఉంది, ఖాళీ తుపాకీతో సాధన. పేలని డమ్మీ తూటాలు వేసి, గోడ మీద చుక్క పెట్టి, ట్రిగ్గర్ మెత్తగా లాగడం. ముందు గుర్తు మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి అది పడకుండా లాగు. రోజూ పావుగంట, మూడు నెలలు. పైసా ఖర్చు లేదు, ఖరీదైన తూటాలు కాల్చిన దానికన్నా చెయ్యి బాగా కుదురుతుంది.

పైసా ఖర్చు లేదన్నాను గానీ నాకైంది. 2013లో ఒకరోజు సాధన అయిపోయింది, నిజం తూటాలు ఆరు మళ్ళీ నింపాను. ఇంతలో ఫోన్ మోగింది. అన్న కూతురి పెళ్ళి మాటలు, ఇరవై నిమిషాలు మాట్లాడాను. తిరిగొచ్చి ఇంకొక్కసారి అనుకుని గురి చూసి లాగాను. బీరువా తలుపు చిల్లు పడింది. తూటా లోపల మడతపెట్టిన మా ఆవిడ పెళ్ళి పట్టుచీరలో పోయి ఆగింది. చీర విప్పితే ఒకే వరసలో పదకొండు చిల్లులు. ఎవరికీ ఏమీ కాలేదు. 17 ఏళ్ళ సర్వీసు, ఏ తుపాకీ అయినా నిండి ఉన్నట్టే చూడాలని కొత్త కుర్రాళ్ళకి పాఠం చెప్పినవాణ్ణి. ఆమె ఆ చీర పారెయ్యలేదు. నేను ఎప్పుడైనా పెద్ద మాటలు మాట్లాడితే తీసి మంచం మీద పెడుతుంది, అంతే.

అప్పటి నుంచి సాధన చేసే గదిలో ఒక్క తూటా కూడా ఉండదు, వేరే గదిలో తాళంలో. ఫోన్ కూడా అక్కడే. చుక్క పెట్టిన గోడ వెనక మనిషి మసిలే గది ఉండకూడదు. అయిపోయాక "అయిపోయింది" అని పైకే అంటాను. అన్నాక ఆ రోజుకి మళ్ళీ ముట్టుకోను.


డాలస్ కావలి:

ఆ 9 ఎంఎం సలహా ఇచ్చిన పిన్ని కొడుకుని నేను కాదు గానీ, నేనైనా అదే చెప్పేవాణ్ణి. సొంతూరు కావలి, ఉండేది టెక్సాస్. ఇక్కడ దుకాణంలో చేతి తుపాకీ కొనాలంటే 21 నిండాలి, 4473 అనే ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ దగ్గర మన రికార్డు చూస్తారు, అన్నీ సరిగ్గా ఉంటే అదే రోజు సంచిలో పెట్టి ఇస్తారు. తాత్కాలిక వీసా మీద ఉన్నంతకాలం మామూలుగా కొననివ్వరు, నేను గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నాను. 2021 సెప్టెంబరు నుంచి ఈ రాష్ట్రంలో పర్మిట్ లేకుండా నడుముకి పెట్టుకుని తిరగొచ్చు కూడా. ఇక్కడి సలహాలన్నీ ఈ లెక్కలో వస్తాయి. విడవలూరుకి పనికిరావు.

పనికొచ్చేది ఒకటి. చవకలో ప్రాక్టీస్ అంటే ఇక్కడివాళ్ళు కూడా హవల్దార్ గారు చెప్పిందే చెబుతారు. ఖాళీ తుపాకీతో ఇంట్లో సాధన, రేంజిలో .22. దాని తూటా 9 ఎంఎం కన్నా బాగా చవక, చేతికి వెనక్కి తగిలే దెబ్బ తక్కువ, శబ్దం తక్కువ. మొదటే పెద్దది కాల్చినవాడు పేలుడుకి ముందే కళ్ళు మూసుకోవడం అలవాటు చేసుకుంటాడు. నాకు అది మానడానికి ఆరు నెలలు పట్టింది. మొదటి ఏడాది నెల నెలా రేంజికి పోయాను. తర్వాత పిల్లల ఫుట్‌బాల్, ఆఫీసు. ఇప్పుడు వేలిముద్రతో తెరుచుకునే పెట్టెలో ఉంది. దాని బ్యాటరీ అయిపోయిన సంగతి మొన్న చూసుకున్నాను.

ఇంకో మాట, అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి. రేంజికి తీసుకెళ్ళిన బ్యాగు ఇండియాకి తేవద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా ఎయిర్‌పోర్ట్‌లో కేసే.


పది మీటర్లు:

నెల్లూరు నుంచి. నేను స్కూల్లో పీఈటీని, ఎయిర్ పిస్టల్ కాలుస్తాను. గోపి గారూ, రెండు లక్షలు తీసే ముందు చిన్న ఎయిర్ పిస్టల్ ఒకటి కొనండి. .177 బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపించి బిల్లుతో కొనుక్కోవచ్చు. నా మొదటిది సెకండ్ హ్యాండ్‌లో 12 వేలకి కొన్నాను. గుళ్ళు డబ్బాకి 500 వస్తాయి. రోజుకి నలభై కాలిస్తే పన్నెండు రోజులు.

ఇది దొంగల్ని ఆపడానికి కాదు, ఎవరి వైపూ చూపించకూడదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. మనకి గురి వస్తుందా, ఓపిక ఉందా అని తెలుసుకోవడానికి. పది మీటర్ల లక్ష్యంలో పదో వలయం అడ్డకొలత పదకొండున్నర మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. లక్ష్యం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. 2024లో పారిస్‌లో మను భాకర్ కంచు పతకం గెలిచిన ఆట ఇదే. మొదటి వారం మీ గుళ్ళు కాగితానికే తగలవు, బాధపడకండి.

మీ ఫీడ్ షెడ్డు పొడవు సరిపోతుంది. మూరెడు లోతు చెక్కపెట్టెలో పాత బట్టలు గట్టిగా కుక్కి, బట్టల వెనక ఇనుప రేకు పెట్టి, పెట్టె ముందు కాగితం అంటించండి. పెట్టె వెనక మాత్రం ఇటుక గోడే ఉండాలి. బట్టలు లేకుండా నేరుగా రేకు గోడకి కొడితే గుండు తిరిగి మీ ముఖానికే వస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. గుళ్ళు సీసంతో చేసినవి, అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకండి, మేత కూడా ముట్టకండి.

ఇంట్లో ఆడవాళ్ళని కూడా కాల్చనివ్వండి. మాకు ఊపిరి బిగబట్టి ఓర్చుకోవడం ఎక్కువ అలవాటు.


నల్లకోటు:

కోర్టు వైపు నుంచి నాలుగు మాటలు, ఎందుకంటే గోపి గారి మొదటి నష్టం మోటార్లు. ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, 2024 జులై 1 నుంచి. అవసరానికి మించి హాని చేయకూడదని 37 చెబుతుంది. ఆస్తి కోసం ప్రాణం తీసే దాకా పోగలిగే సందర్భాలు 41లో ఉన్నాయి. దోపిడీ, పొద్దుగూకిన తర్వాత తెల్లవారే లోపు ఇల్లు పగలగొట్టి దూరడం, నివాసానికి నిప్పు పెట్టడం, ప్రాణభయం కలిగించేలా దొంగతనం చేయడం. చెరువు గట్టు మీద మోటార్ విప్పుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది ఇందులో రాదు. మోటార్ దొంగ మీద దొంగతనం కేసు, మీ మీద హత్య కేసు. వెనక తలుపు పగలగొట్టి లోపలికి వచ్చినవాడి సంగతి వేరు. అప్పుడు కూడా కాల్చినవాడే స్టేషన్లో, కోర్టులో ఏళ్ళ తరబడి చెప్పుకోవాలి.


గట్టుమీద గోపి:

ఇన్ని రోజులు జవాబు ఇవ్వనందుకు ఏమీ అనుకోవద్దు, పట్టుబడి నడిచింది. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు అనే లెక్క) బాగానే వచ్చింది.

మా ఆవిడని అడిగాను. "నా చేతికి తుపాకీ ఇచ్చి నువ్వు చెరువు మీద పడుకుంటావా? ఆ రెండు లక్షలతో ఒక కాపలా మనిషిని పెట్టు, నువ్వు ఇంట్లో పడుకో" అంది. నాకు నోట మాట రాలేదు. పక్క చెరువుల వాళ్ళు ముగ్గురితో మాట్లాడి నలుగురం కలిసి ఒకాయన్ని పెట్టుకున్నాం, జీతం నాలుగు వాటాలు. వెనక తలుపుకి ఇనుప గ్రిల్లు, మనిషి కదిలితే వెలిగే లైట్లు మూడు. జనరేటర్ షెడ్డు మీద సైరన్ పెట్టి స్విచ్ అమ్మ మంచం పక్కకి లాగాను. మొత్తం 43 వేలు. స్టేషన్లో కాగితం కూడా ఇచ్చాను. పోలీసుల రాత్రి బీటు మా వైపు రెండుసార్లు వచ్చింది.

ఎయిర్ పిస్టల్ మాత్రం కొన్నాను టీచర్ గారూ, ఫీడ్ షెడ్డులో పెట్టె కట్టాను. నాకు పదికి మూడు నల్లచుక్కలో పడుతున్నాయి. మా ఆవిడకి ఏడు. హవల్దార్ అన్నా, రూపాయి బిళ్ళ నా చేతిలో ఇంకా పడిపోతూనే ఉంది.

సైరన్ అమ్మ ఇప్పటికి ఒకసారే నొక్కింది, పిల్లి కోసం. లైట్లు వచ్చాక నిద్ర పడుతోంది. గేటు బయట రాయి మీద నీళ్ళ కుండ, గ్లాసు పెట్టించింది. నీళ్ళు కావాల్సినవాడు అక్కడే తాగి పోతాడంట.